మధ్యాహ్నం అయితే ఏసీ చల్లబడటం లేదు, మెకానిక్ గ్యాస్ అయిపోయిందంటున్నాడు (కడప)

పెన్నా_గాలి | కడప
అందరికీ నమస్కారం. మాది ఎర్రముక్కపల్లె, పైఅంతస్తులో అద్దెకు ఉంటాం. పడకగదిలో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది. ఇన్వర్టర్ రకం (కంప్రెసర్ వేగం మారేది) కాదు, పాత మోడల్. పొద్దున పూట బాగానే చల్లబడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గాలి వస్తుంది కానీ చల్లదనం ఉండదు. మూడు గంటలప్పుడు మిద్దె మీద యూనిట్ చప్పుడే ఆగిపోతుంది, లోపల ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పొద్దుగూకాక మళ్లీ దారిలోకి వస్తుంది.

మెకానిక్‌ను పిలిస్తే వచ్చి పైపు చేత్తో పట్టుకుని చూశాడు. గ్యాస్ అయిపోయింది, 3,500 అవుతుంది అన్నాడు. పోయినేడు ఎండాకాలం కూడా గ్యాస్ పట్టించాం. మా నాన్నకు గుండె ఆపరేషన్ అయింది, ఈ వేడికి తట్టుకోలేడు. అదే టెన్షన్. గ్యాస్ పట్టించేయమంటారా, ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

రెంచి_పానా | అనంతపురం
అన్నా, నేను ఏసీ పనే చేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గ్యాస్ సమస్యలా లేదు. గ్యాస్ తక్కువైతే పొద్దున కూడా చల్లదనం అంతంతమాత్రమే ఉంటుంది. పొద్దున బాగుండి, ఎండ ముదిరాక బయటి యూనిట్‌లోని కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే మోటారు) ఆగి, చల్లబడ్డాక మళ్లీ మొదలవుతోందంటే అది వేడెక్కి ఆగుతోంది. కంప్రెసర్ తల దగ్గర ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ అని చిన్న భాగం ఉంటుంది. కంప్రెసర్ మరీ వేడెక్కినా, కరెంటు మరీ ఎక్కువ లాగినా అది లైన్ తెంపేస్తుంది. ఒకసారి తెంపితే చల్లారడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. అందుకే మీకు మధ్యాహ్నమంతా పనిచేయనట్టు అనిపిస్తోంది.

నాలుగు సంగతులు చెప్పండి. అవుట్‌డోర్ యూనిట్ ఏ దిక్కున ఉంది? దాని వెనకా ముందూ ఎంత ఖాళీ ఉంది? దాని కాయిల్ (వేడిని బయటికి వదిలే పైపుల జాలీ) ఎప్పుడు కడిగించారు? మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వోల్టేజీ ఎంత ఉంటోంది? ఇవి తెలిసేదాకా గ్యాస్ మాట ఎత్తొద్దు.

క్లాక్_టవర్ | అనంతపురం
మెకానిక్‌లందరిదీ ఇదే పాట. మే నెల వస్తే ప్రతి ఏసీలోనూ గ్యాస్ అయిపోతుంది. మా ఇంట్లో మధ్యాహ్నం రెండు బకెట్ల నీళ్లు అవుట్‌డోర్ మీద పోస్తాం, వెంటనే చల్లబడుతుంది. మీరూ అదే చేయండి.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు
పోయగానే చల్లబడటం నిజమే కానీ ఆ అలవాటు మన సీమ జిల్లాల్లో మంచిది కాదండీ. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. వేడి కాయిల్ మీద పడిన నీళ్లు క్షణాల్లో ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. వేసవి అయ్యేసరికి అల్యూమినియం ఫిన్స్ (కాయిల్ మీది సన్న రేకులు) మధ్య తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్ల డ్రమ్ము అంచున, కూలర్ గడ్డి మీద కట్టే పెచ్చే ఇదీ. అది ఒకసారి పట్టుకుంటే గాలి దూరదు, గీకితే ఫిన్స్ వంగిపోతాయి. పైగా నడుస్తున్న యూనిట్ మీద బకెట్‌తో పోసినప్పుడు టెర్మినల్ బ్లాక్‌లోకి (కరెంటు వైర్లు కలిపే చోటికి) నీళ్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది.

పెన్నా_గాలి గారూ, లెక్క ఒకసారి చూడండి. ఒకటిన్నర టన్ను అంటే గంటకు 18,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క) వేడిని గదిలోంచి తీసి బయట పారేయగలదని అర్థం. ఆ అంకె బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. మే నెల కడపలో నీడలోనే 42, 43 ఉంటుంది. కాలిన మిద్దె మీద, పిట్టగోడ పక్కన యూనిట్ పీల్చే గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. ఆ గాలిలోకి వేడిని నెట్టాలంటే కాయిల్ దానికంటే ఇంకో పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. అంటే అంతా శుభ్రంగా ఉన్నా మధ్యాహ్నం మీ ఏసీ శక్తి కొంత తగ్గుతుంది. దానికి దుమ్ము పట్టిన కాయిల్, తక్కువ వోల్టేజీ తోడైతే ఆగిపోక ఏం చేస్తుంది?

మిద్దె_ఇల్లు | అనంతపురం
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ఏసీ బాగానే చల్లబడుతుంది కానీ లోపలి యూనిట్ నుంచి గోడ వెంబడి నీళ్లు కారుతున్నాయి. పోయిన ఏడాది వానలు పడ్డప్పుడు మొదలైంది, ఈ మధ్య మళ్లీ వచ్చింది. కింద పాప పడుకునే మంచం. ఇది కూడా గ్యాసేనా?

పెన్నా_గాలి | కడప
రెంచి అన్నా, మీరడిగినవి చూశాను. యూనిట్ మిద్దె మీద పడమటి పిట్టగోడకు ఆనించి ఉంది. వెనక అరచేయి పట్టేంత సందు. ఎండ తగలకుండా ఇంటి ఓనరు పైన రేకు వేయించి మూడు వైపులా గ్రీన్ మ్యాట్ కట్టించారు. ముందు వైపు రెండడుగుల దూరంలో నీళ్ల ట్యాంకు. కాయిల్ కడిగిన గుర్తు లేదు, టార్చి వేసి చూస్తే దూది పరిచినట్టు ఉంది, పావురాల ఈకలు కూడా ఇరుక్కున్నాయి. వోల్టేజీ చూసే మీటరు లేదు, పక్కింటి ఎలక్ట్రీషియన్‌ను అడుగుతాను.

రెంచి_పానా | అనంతపురం
దొరికిందన్నా. నీడ మంచిదే, కానీ చుట్టూ మ్యాట్ కడితే యూనిట్ వదిలిన వేడి గాలి బయటికి పోదు. ముందు ట్యాంకుకు తగిలి వెనక్కి తిరుగుతుంది, ఆ వేడి గాలినే మళ్లీ వెనక నుంచి పీలుస్తుంది. మూడు వైపులా ఉన్న మ్యాట్ ఈరోజే విప్పేయండి. రేకు ఉండనివ్వండి, కాకపోతే యూనిట్‌కు అడుగున్నర పైకి ఉండాలి. వెనక గోడకు కనీసం అడుగు ఖాళీ కావాలి, ముందు వైపు ఎంత వీలైతే అంత. ట్యాంకు జరగదు కాబట్టి యూనిట్‌నే అడ్డంగా తిప్పి పెట్టించండి. పైపు పొడవు సరిపోతే గ్యాస్ తీయకుండానే జాగ్రత్తగా జరపొచ్చు, కానీ రాగి పైపు నలిగితే కొత్త తలనొప్పి. తెలిసినవాడితోనే చేయించండి.

కాయిల్ కడిగేటప్పుడు ముందు ఎంసీబీ (బోర్డులో కరెంటు తెంపే బ్రేకర్ స్విచ్) దించాలి, రిమోట్‌తో ఆపితే చాలదు. నీళ్లు లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. బయటినుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగిపోతుంది. కార్లు కడిగే ప్రెషర్ గన్ వద్దు, ఫిన్స్ వంగిపోతాయి. వీలైతే మున్సిపల్ కుళాయి నీళ్లు వాడండి, బోరు నీళ్లే దిక్కైతే కడిగాక మెత్తని బ్రష్‌తో తుడిచి వదిలేయండి. యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయనీయకండి.

మిద్దె_ఇల్లు అక్కా, మీది గ్యాస్ కాదు. ఏసీ గాలిలోని తేమను లోపలి యూనిట్‌లోని చల్లటి కాయిల్ మీద నీళ్లుగా మారుస్తుంది. ఆ నీళ్లు కింద ట్రేలో పడి డ్రైన్ పైపు గుండా బయటికి పోవాలి. మన అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు తక్కువ వస్తాయి, ట్రేలో పాచి ఉన్నా తెలియదు. వాన పడి తేమ పెరిగిందో, ఆ పాచి ముద్ద పైపుకు అడ్డం పడి నీళ్లు గది వైపు పొంగుతాయి. బయట డ్రైన్ పైపు చివర నుంచి నీళ్లు వస్తున్నాయా చూడండి. రాకపోతే పైపు మూసుకుంది. వస్తున్నా లోపల కారుతుంటే యూనిట్ వాలు తప్పింది, లేదా ట్రే పగిలింది.

మిద్దె_ఇల్లు | అనంతపురం
బయట చుక్క కూడా రావడం లేదు. అందుకే మా ఆయన నీళ్లు రావట్లేదంటే గ్యాస్ లేదని అన్నారు.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు
ఆ మాట చాలామంది అంటారమ్మా. ఎండాకాలంలో నీళ్లు తక్కువ రావడానికి గ్యాస్‌కు సంబంధం ఉండాలనేం లేదు, గాలిలో తేమ లేకపోతే నీళ్లెక్కడినుంచి వస్తాయి? మీ విషయంలో నీళ్లు తయారవుతున్నాయి, గోడ మీదికి వస్తున్నాయి. దారి మూసుకుందంతే. ఏసీ ఆపి, బయటి చివర నుంచి నోటితో ఊదకుండా చిన్న పంపుతో గాలి కొట్టించండి. ఆ పైపు మధ్యలో ఎక్కడైనా పైకి లేచి మళ్లీ కిందికి దిగుతోందేమో కూడా చూడండి. గోడ బొక్క ఇండోర్ యూనిట్ కంటే ఎత్తుగా కొట్టి ఉంటే ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ కారుతుంది.

ఇంకో మాట. కారడానికి ముందు కాయిల్ మీద మంచు కడుతోందా? ముందు మూత ఎత్తి చూస్తే తెలుస్తుంది. మంచు కడితే అది ఆపినప్పుడు కరిగి ట్రే దాటి పొర్లుతుంది. అప్పుడు కథ వేరు.

తాడిపత్రి_బండ | తాడిపత్రి
మంచు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మాకు బండల పాలిష్ యూనిట్ ఉంది, ఆఫీసు గదిలో ఏసీ. నడుస్తుండగా రెండు గంటలకు కాయిల్ అంతా తెల్లగా మంచు కట్టి గాలి రావడం ఆగిపోతుంది. ఆపి కాసేపు ఉంచితే మళ్లీ మామూలే. ఫిల్టర్లు కడుగుతూనే ఉంటాం.

రెంచి_పానా | అనంతపురం
మంచు కట్టడానికి రెండే కారణాలు పెట్టుకోండి. కాయిల్ మీదుగా గాలి సరిగా పోవడం లేదు, లేదా గ్యాస్ తగ్గింది. ఏది అనేది మంచు ఎక్కడ మొదలవుతుందో చూస్తే కొంత తెలుస్తుంది. గ్యాస్ తక్కువైనప్పుడు ముందుగా సన్న పైపు, కాయిల్‌లో గ్యాస్ లోపలికొచ్చే మూల మాత్రమే మంచు కడుతుంది, మిగతా కాయిల్ వెచ్చగానే ఉంటుంది. గాలి అడ్డం పడినప్పుడు కాయిల్ అంతా ఒకేలా తెల్లబడుతుంది. మీది గాలి అడ్డం పడినదే.

ఫిల్టర్ కడిగినా సరిపోదు, మీ బండల పొడి పిండి కంటే మెత్తన. మెష్ గుండా దూరిపోయి, తడి కాయిల్ మీద పడి బురదై ఆరిపోతుంది. దాని వెనక బ్లోయర్ అని పొడుగాటి గుండ్రటి ఫ్యాన్ ఉంటుంది, దాని రెక్కల గుంతలు ఆ పొడితో నిండిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, గాలి మాత్రం తోయదు. టార్చి వేసి గాలి వచ్చే సందులోంచి లోపలికి చూడండి. రెక్కల అంచు బూడిద రంగులో మందంగా కనిపిస్తే బ్లోయర్ బయటికి తీసి కడిగించాల్సిందే. పాలిష్ యూనిట్ పక్కన ఉన్నవాళ్లు సీజన్‌కు ఒకసారి కాదు, మూణ్నెల్లకోసారి ఈ పని చేయించాలి. తలుపు కింద సందు మూస్తే సగం పొడి లోపలికే రాదు.

తాడిపత్రి_బండ | తాడిపత్రి
చూశానన్నా. రెక్కల మధ్య సందే కనబడటం లేదు, సున్నం పూసినట్టు ఉంది. రేపు తీయిస్తాను.

కొత్త_కాపురం | కర్నూలు
నాదీ ఒకటి. సి. క్యాంప్ దగ్గర అద్దె ఇల్లు. కొత్త ఇన్వర్టర్ ఏసీ. రెండు సమస్యలు. ఒకటి, ఎంత పెట్టినా గది మెల్లగా చల్లబడుతుంది, ఇంతకుముందు ఇలా లేదు. రెండు, అప్పుడప్పుడు ఎంసీబీ పడిపోతుంది, ప్లగ్ దగ్గర కాలిన వాసన వస్తోంది.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు
ప్లగ్ దగ్గర వాసన వస్తుంటే ముందు ఆ ఏసీ ఆపేయండి, ఇది చదివిన వెంటనే. మిగతావి తర్వాత.

అద్దె ఇళ్లలో తరచూ చూసేది ఇదే. ఒకటిన్నర టన్నుల ఏసీ 7, 8 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు పాత మోడళ్లు అంతకు ఎన్నో రెట్లు లాగుతాయి. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్, మీటరు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు ఉండాలి. పాత ఇంట్లో లైట్లకు వేసిన సన్న వైరు మీదే ఏసీ నడిపితే వైరు గోడలోపలే వేడెక్కుతుంది. ప్లగ్ పిన్ను వదులుగా ఉన్నా అంతే, వదులైన చోట నిప్పురవ్వలు పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లగ్ తీసి చూడండి, ఒక పిన్ను నల్లబడి ఉంటుంది. సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి, ఒక్కటి మారిస్తే కొత్తదాన్ని పాతది కాలుస్తుంది.

ఎంసీబీ పడుతోందని పెద్దది వేయించుకోవద్దు. అది వైరును కాపాడటానికి ఉంది. వైరు సన్నగా ఉండి 32 ఆంపియర్ల ఎంసీబీ వేస్తే వైరు కాలినా అది పడదు.

రెంచి_పానా | అనంతపురం
సార్ చెప్పినదానికి తోడు, చల్లబడటం గురించి: రిమోట్‌లో కన్వర్టిబుల్ మోడ్ (ఏసీ శక్తిలో ఎంత శాతం వాడాలో చెప్పేది) ఎంత మీద ఉందో చూడండి తమ్ముడూ. కొత్త ఇన్వర్టర్లలో 40, 60, 80 శాతం అని ఉంటుంది. పిల్లలు నొక్కితే 40లో ఉండిపోతుంది, ఎంత సేపు నడిచినా గది చల్లబడదు. ఎకో, డ్రై మోడ్‌లు కూడా అంతే. మంచు పూవు గుర్తు ఉన్న కూల్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ హైలో, 24 పెట్టి చూడండి. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు మొదట ఆన్ చేస్తే 24 దగ్గరే మొదలవుతాయి, దానికంటే తగ్గదని చాలామంది అనుకుంటారు. తగ్గించుకోవచ్చు. కానీ మామూలు ఏసీలో 16 పెట్టినంత మాత్రాన తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది, ఎప్పుడు ఆగాలన్నదే ఆ అంకె చెబుతుంది.

పెన్నా_గాలి | కడప
పక్కింటి ఎలక్ట్రీషియన్ మీటరు తెచ్చి చూశాడు. పొద్దున ఎనిమిదింటికి 226, మధ్యాహ్నం మూడింటికి 188 చూపించింది. మ్యాట్ విప్పేశాం. వేరే మెకానిక్ ఎల్లుండి వస్తానన్నాడు, మీరు చెప్పినవన్నీ రాసి పెట్టుకున్నాను.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు
188 అంటే మామూలు ఏసీకి కష్టకాలమే. 230 దగ్గర నడవాల్సిన మోటారు వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. మీటరు బోర్డు దగ్గర, ఏసీ ప్లగ్ దగ్గర ఒకేసారి చూడమనండి, ఏసీ నడుస్తుండగా. రెండు చోట్లా 188 ఉంటే లోపం వీధి లైన్‌లో. బోర్డు దగ్గర 205 ఉండి ప్లగ్ దగ్గర 188 ఉంటే మీ ఇంటి వైరింగే పదిహేడు వోల్టులు తింటోంది.

వీధిదే అయితే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీ ఒక్కరి ఫోన్ కంటే, అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పదిళ్లవాళ్లు చేస్తే పని జరుగుతుంది. ఈలోగా స్టెబిలైజర్ అవసరమే. కొనేటప్పుడు ఎన్ని కేవీఏ (ఎంత లోడు మోస్తుంది) అని ఒక్కటే కాదు, ఎంత తక్కువ వోల్టేజీ నుంచి పనిచేస్తుందో డబ్బా మీద చదవండి. మీకు 150 దాకా దిగేది కావాలి. 170 దగ్గర ఆగేది తీసుకుంటే జూన్‌లోపే మళ్లీ ఇదే బాధ.

క్లాక్_టవర్ | అనంతపురం
నీళ్లు పోయొద్దన్నారు, ఒప్పుకుంటాను, మా యూనిట్ మీద తెల్లటి పెచ్చు ఉన్నమాట నిజం. కానీ గ్యాస్ విషయం తేల్చండి. ప్రతి ఏడాదీ కొంచెం కొంచెం తగ్గుతుందంటారు కదా, రెండేళ్లకోసారి పట్టించుకోవాలని మాకు చెప్పారు.

రెంచి_పానా | అనంతపురం
ఈ ఒక్కటీ గట్టిగా చెప్తాను. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. బండిలో పెట్రోలు లాంటిది కాదది. అదే గ్యాస్ పైపుల్లో తిరుగుతూ ఉంటుంది, లోపల ద్రవమై ఆవిరై, మళ్లీ ద్రవమవుతుంది. పైపు బిగుతుగా ఉంటే ఎన్నేళ్లయినా తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు కట్టకుండా గ్యాస్ పడితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ పట్టాల్సిందే. రెండేళ్లకోసారి పట్టించాలనే లెక్క ఎక్కడా లేదు.

లీకు ఎక్కువగా దొరికేది ఫ్లేర్ నట్టుల దగ్గర. ఇండోర్ వెనక, అవుట్‌డోర్ వాల్వుల దగ్గర రాగి పైపు చివర గరాటులా విప్పి ఇత్తడి నట్టుతో బిగిస్తారు. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కొంచెం బయటికొస్తుంది. అందుకే లీకున్న నట్టు చుట్టూ దుమ్ము జిడ్డుగా అంటుకుని నల్లటి వలయంలా ఉంటుంది, వేలు పెడితే తెలుస్తుంది. సబ్బు నురగ రాస్తే కాసేపటికి అక్కడ చిన్న చిన్న బుడగలు పుట్టి పెద్దవవుతుంటాయి. సన్నటి లీకైతే వెంటనే కనబడదు, నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ పడిపోతోందా అని గంటల తరబడి ఆగి చూడాలి. మురుగు కాలువ పక్కన ఉన్న ఇళ్లలో అయితే ఆ వాయువుకు రాగి కాయిలే చిల్లులు పడుతుంది, దాన్ని మార్చడమే.

మావాళ్ల తరఫున కూడా ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పదిళ్లు తిరుగుతాం. నైట్రోజన్ పరీక్షకు అరపూట పడుతుందంటే సగం మంది వద్దు, గ్యాస్ కొట్టి వెళ్లిపో అంటారు. ఆ పరీక్ష జనవరి, ఫిబ్రవరిలో చేయించుకుంటే తీరిగ్గా, తక్కువకు అవుతుంది. పరీక్ష చేయకుండానే గ్యాస్ అనేవాళ్లను మాత్రం నేను వెనకేసుకు రాను.

కొత్త_కాపురం | కర్నూలు
మరి గ్యాస్ నిజంగా పట్టించాల్సి వస్తే ఏం చూసుకోవాలి?

రెంచి_పానా | అనంతపురం
నేమ్ ప్లేట్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. పాతవాటిలో ఆర్-22, తర్వాతవాటిలో ఆర్-410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32, కొన్నిటిలో ఆర్-290. ఒకదాని బదులు ఇంకోటి కొట్టకూడదు. లీకు కట్టాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ తీసేయాలి, ఆ పంపు అరగంటైనా నడవాలి. కొంతమంది గ్యాస్‌నే కొంచెం వదిలి గాలిని తోసేస్తారు, తేమ లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత సిలిండర్‌ను తూకం మీద పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించాలి. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి గేజి ప్రెషర్ ఒక్కటే చూసి కొడితే లెక్క తప్పుతుంది. ఆర్-32, ఆర్-290 మండే గుణం ఉన్నవి, ఆర్-290 మరీ. గ్యాస్ లోపల ఉండగా మంటతో వెల్డింగ్ చేస్తానంటే ఆపేయండి.

పైపు చేత్తో పట్టుకుని గ్యాస్ లేదని చెప్పడం కుదరదు. మీరే ఇంట్లో ఒక పరీక్ష చేయొచ్చు. ఏసీ ఇరవై నిమిషాలు నడిచాక, లోపలికి గాలి పీల్చే పైభాగంలో ఒకసారి, చల్లగాలి వచ్చే మూతి దగ్గర ఒకసారి థర్మామీటర్ పెట్టండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే గ్యాస్‌ను అనుమానించాల్సిన పని లేదు, మన పొడి వాతావరణంలో ఇంకాస్త ఎక్కువే రావచ్చు. ఆ తేడా ఉండి కూడా గది చల్లబడకపోతే లోపం గదిలో ఉంది.

మిద్దె_ఇల్లు | అనంతపురం
గదిలో అంటే?

హంద్రీ_ఒడ్డు | కర్నూలు
పైఅంతస్తు సంగతి చెబుతున్నారమ్మా. పగలంతా కాలిన స్లాబు రాత్రి తొమ్మిది, పది దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. సాయంత్రం సీలింగు మీద చేయి పెడితే గోడ కంటే వేడిగా ఉంటుంది చూడండి. ఏసీ గాలిని చల్లబరుస్తుంటే పైకప్పు మళ్లీ వేడి పోస్తుంది. మామూలు గదికి 120 చదరపు అడుగుల వరకు ఒక టన్ను చాలంటారు, పైఅంతస్తులో ఆ లెక్క పనిచేయదు. కొత్త ఏసీ కొనేముందు మిద్దె మీద తెల్లటి కూల్ పెయింట్ గానీ, కనీసం సున్నం గానీ వేయించి చూడండి. పడమటి కిటికీకి లోపలి కర్టెన్ కంటే బయట వేసే నీడ ఎక్కువ పనిచేస్తుంది, ఎండ అద్దం దాటకముందే ఆగుతుంది.

పెన్నా_గాలి | కడప
కొత్త మెకానిక్ వచ్చి వెళ్లాడు. అవుట్‌డోర్ కాయిల్ కడిగాడు, యూనిట్‌ను గోడకు అడుగు దూరం జరిపి ట్యాంకుకు పక్కవైపు తిప్పాడు. కెపాసిటర్ (కంప్రెసర్ స్టార్ట్ కావడానికి తోడ్పడే భాగం) మీద 50 అని రాసుంటే మీటరులో 38 చూపించింది, మార్చాడు. గ్యాస్ ప్రెషర్ చూసే గేజి పెడితే 70 పి.ఎస్.ఐ. వచ్చింది, మాది ఆర్-22, గ్యాస్ ముట్టుకోనక్కర్లేదన్నాడు. ముందు 9 ఆంపియర్లు దాటి లాగింది, ఇప్పుడు ఏడున్నర. మధ్యాహ్నం కూడా ఆగకుండా నడుస్తోంది, నాన్న ఈరోజు నిద్రపోయారు. స్టెబిలైజర్ ఆర్డర్ పెట్టాను. మీ అందరికీ చాలా కృతజ్ఞతలు.

రెంచి_పానా | అనంతపురం
సంతోషం అన్నా. కెపాసిటర్ అంత పడిపోతే కంప్రెసర్ స్టార్ట్ కావడానికే గింజుకుంటుంది. రాసిన అంకె కంటే పది శాతానికి మించి తగ్గితే మార్చేయాలి. చదివేవాళ్లకు ఒక హెచ్చరిక: ప్లగ్ పీకినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. వీడియో చూసి ఇంట్లో మూత విప్పొద్దు. ఇంటివాళ్లు చేసుకోదగ్గది ఫిల్టర్, రిమోట్, డ్రైన్ చివర, యూనిట్ చుట్టూ ఖాళీ. అంతవరకే.

కొత్త_కాపురం | కర్నూలు
సాకెట్, ప్లగ్ మార్పించాం, ఓనరుతో మాట్లాడి బోర్డు నుంచి వేరే వైరు లాగించాం. మోడ్ నిజంగానే 40లో ఉంది. ఇప్పుడు చల్లదనం బాగుంది. కానీ నిన్న రాత్రి నుంచి కొత్త సమస్య. లోపల ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లేలో ఏదో ఎర్రర్ కోడ్ వెలుగుతోంది, బయట యూనిట్ అసలు కదలడం లేదు. నిన్న సాయంత్రం ఉరుములు, గాలివాన వచ్చి కరెంటు రెండుమూడు సార్లు పోయి వచ్చింది.

తాడిపత్రి_బండ | తాడిపత్రి
మా ఇంట్లో ఇలాగే అయితే అవుట్‌డోర్‌లో బల్లి దూరి బోర్డు మీద చచ్చిపడి ఉంది. మూత విప్పితే బయటపడింది. ఈ మాట మీద ఉండగానే చెప్తున్నా, బ్లోయర్ కడిగించాక మంచు కట్టడం ఆగింది రెంచి అన్నా.

రెంచి_పానా | అనంతపురం
మంచిది తమ్ముడూ. బల్లి మాట నిజం, ఇన్వర్టర్ అవుట్‌డోర్‌లో సర్క్యూట్ బోర్డు వెచ్చగా ఉంటుంది కాబట్టి బల్లులు, చీమలు అక్కడికే చేరతాయి. రెండు పిన్నులకు ఒకేసారి తగిలితే బోర్డు పోతుంది.

కొత్త_కాపురం తమ్ముడూ, ముందు ఎంసీబీ దించి పది నిమిషాలు ఆగి మళ్లీ ఎత్తండి. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ మూడు నిమిషాల వరకు మొదలు కాదు, అది లోపం కాదు, రక్షణ. అప్పటికీ అదే కోడ్ వస్తే ఆ కోడ్ ఫోటో తీసి పెట్టుకుని కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయండి. కోడ్ అర్థం కంపెనీకి, మోడల్‌కు మారుతుంది, ఎక్కడో చదివి ఫలానా భాగం పోయిందని కొనేయొద్దు. మీది కొత్తది కదా, వారంటీ కార్డు తీయండి. కంప్రెసర్‌కు పదేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బోర్డుకు ఎన్నేళ్లు, గ్యాస్‌కు ఉందా లేదా అన్నది కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. బయటివాళ్లతో మూత విప్పిస్తే కొన్ని కంపెనీలు వారంటీ ఒప్పుకోవు, అందుకని సర్వీసువాళ్లు వచ్చేదాకా ముట్టుకోవద్దు.

హంద్రీ_ఒడ్డు | కర్నూలు
ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా రప్పించుకోండి. వారంటీలో ఉండి కూడా డబ్బులు అడిగితే, లేదా రోజుల తరబడి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ నంబరు, బిల్లు దగ్గర పెట్టుకుని చెప్పండి. అలాగే మీ ఇంట్లో ఎర్తింగ్ చూపించండి. మన నేలలు ఎండాకాలంలో బొత్తిగా ఎండిపోతాయి, ఎర్తు గుంత పేరుకే ఉంటుంది. ఏసీ బాడీకి చేయి తగిలితే జిల్లుమంటే ఆ రోజే పిలిపించండి. గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి.

కొత్త_కాపురం | కర్నూలు
పది నిమిషాలు ఆపి చూశాను, అదే కోడ్. సర్వీసుకు ఫోన్ చేశాను, బుధవారం వస్తామన్నారు. వారంటీలో బోర్డుకు ఐదేళ్లు ఉంది.

రెంచి_పానా | అనంతపురం
అయితే భయం లేదు. వచ్చినప్పుడు దగ్గరుండి మూత విప్పించి బోర్డు ఫోటో తీసుకోండి. కొత్త బోర్డు వేశాక వైర్లు లోపలికి వెళ్లే బొక్కను పుట్టీతో మూయమని అడగండి, అడగకపోతే చాలామంది వదిలేస్తారు. బుధవారం దాకా ఎంసీబీ దించే ఉంచండి.